మా లోటు బడ్జెట్టు, అక్క మోకాలు

లోటు అంటే భయపడేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఖజానా నిండా డబ్బున్న ప్రభుత్వం కూడా ఒక ప్రభుత్వమేనా! దానికి ఆలోచన ఉండదు, ఆత్రం ఉండదు, తిని పడుకుంటుంది. అలాంటిది మనకెందుకండీ?

కాబట్టి పెద్ద కంపెనీలకు పన్ను తగ్గించారనీ, దానివల్ల లోటు కొండలా పెరిగిపోయిందనీ గొంతులు చించుకుంటున్న వారికి నా మనవి ఒక్కటే. కాసిని మంచినీళ్లు తాగి కూర్చోండి.

మొన్న టీవీ చర్చలో టై కట్టుకున్న ఒక పెద్దమనిషి ఎంత చక్కగా చెప్పాడో! "పైనున్న వాళ్ల దగ్గర డబ్బు వదిలేయండి. అదే మెల్లగా కిందికి దిగుతుంది" అన్నాడు. పక్కనున్న ఆర్థికశాస్త్రం లెక్చరరమ్మ "ఎప్పుడు దిగుతుందండీ?" అని అడిగింది. ఎంత తొందరో చూడండి! యాంకర్ వెంటనే విరామం ప్రకటించి పరిస్థితి చక్కబెట్టాడు. ఆ విరామంలో వచ్చిన ప్రకటనలన్నీ పన్ను తగ్గిన కంపెనీలవే కావడం కేవలం యాదృచ్ఛికం.

నేను గాలి కబుర్లు చెప్పే మనిషిని కాను. మా ఫ్లాట్ల సంఘానికి కార్యదర్శిని. ఈ సిద్ధాంతాన్ని మా బిల్డింగులో అమలు చేసి మరీ మాట్లాడుతున్నాను.

మా కింది అంతస్తులో ఒక సూపర్ మార్కెట్ ఉంది. అందరికంటే ఎక్కువ మెయింటెనెన్స్ కట్టేది దాని ఓనరే. కట్టడూ మరి? నీళ్లు ఆయనవే, కరెంటు ఆయనదే, సరుకు మొదటి అంతస్తు గోడౌనుకు ఎక్కించడానికి పొద్దస్తమానం లిఫ్టూ ఆయనదే. ఒకరోజు ఆయన నా దగ్గరికొచ్చి చిరునవ్వు నవ్వాడు. "సెక్రటరీ గారూ, పక్క బిల్డింగువాళ్లు సగానికే రమ్మంటున్నారండీ" అన్నాడు.

సూపర్ మార్కెట్ లేని బిల్డింగు కూడా ఒక బిల్డింగేనా! వెంటనే మీటింగు పెట్టాం. ఆయనకు సగం తగ్గిస్తే వ్యాపారం పెంచుతాడు, మన పిల్లలకు ఉద్యోగాలిస్తాడు, మన ఫ్లాట్ల ధరలు ఆకాశాన్నంటుతాయి అని నేను అరగంట ఉపన్యసించాను. చప్పట్లే చప్పట్లు!

ఆయన మాట తప్పలేదు. మిగిలిన డబ్బు పెట్టుబడి పెట్టాడు. ఓడంత కారు కొన్నాడు. అది ఇద్దరి పార్కింగులో పడుతుంది, అంటే ఒకరి స్కూటరు రోడ్డు మీద పడుతుంది. షాపుకు కొత్త లైట్ల బోర్డు పెట్టించాడు. మొదటి అంతస్తువాళ్లకు ఇప్పుడు పడగ్గదిలో కరెంటు ఖర్చే లేదు. నిద్ర కూడా లేదనుకోండి, అది వేరే విషయం.

ఇక లోటు సంగతి. మొదట వాచ్‌మన్‌ను మాన్పించాం. దొంగలొచ్చినా పట్టుకుపోవడానికి సంఘంలో ఏముంది గనక? తర్వాత మెట్ల దగ్గర లైట్లు తీసేశాం. చివరికి లిఫ్టు మెకానిక్‌కు డబ్బు కట్టడం ఆపాం. లిఫ్టు కూడా మర్యాదస్తురాలు, మర్నాడే ఆగిపోయింది.

ఎంత మేలు జరిగిందో చెప్పమంటారా? నాలుగో అంతస్తులో ఉండే నాకు పొట్ట తగ్గింది. చుట్టాలు రావడం మానేశారు. ఇరుగుపొరుగులు మెట్ల మలుపుల్లో ఆగి, ఆయాసపడుతూ ఒకరి క్షేమం ఒకరు అడుగుతున్నారు. డబ్బుతో కొనగలిగే ఆత్మీయతేనా ఇది?

మా ఇంట్లో ఒక్కరికి మాత్రం ఈ అభివృద్ధి కనిపించదు. మా అక్క. రోడ్డుకు అవతల ఆవిడకు చిన్న కుట్టుషాపు ఉంది. మోకాలికి ఆపరేషనయి, నయమయి, రేపో మాపో షాపు తెరుద్దామనుకుంటుండగా లిఫ్టు ఆగింది. మెట్లు ఎక్కి దిగితే మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. కుర్చీలో కూర్చోబెట్టి దించుతామంటే ఒప్పుకోదు. "రోజూ పల్లకీ మోస్తార్రా నాకు?" అంటుంది. నెలాఖరులోగా తెరవకపోతే షాపు ఇంకొకరికి ఇచ్చేస్తానని దాని యజమాని కబురు పెట్టాడు.

పై నుంచి సంపద కిందికి దిగుతుందన్న పెద్దమనిషి మాట అక్కకు వివరించాను. "లిఫ్టు లేదుగా, ఎలా దిగుతుందిరా?" అంది. చదువుకోని వాళ్లతో వాదించి లాభం లేదు. డిగ్రీ చదివింది, అది వేరే విషయం.

అయినా ఆవిడ కోసం నేనూరుకోలేదు. లిఫ్టు బాగుచేయించడానికి సంఘం తరఫున అప్పు కోసం తిరిగాను. ఎవరూ ఇవ్వలేదు. చివరికి సూపర్ మార్కెట్ ఓనరే పెద్ద మనసు చేసుకుని ఇచ్చాడు. ఎంత ఉదారత! అక్క మాత్రం నోరు తెరిచి నావైపే చూసింది.

"ఒరేయ్, ఆయన దగ్గర తీసుకోవాల్సింది వదిలేసి, అదే డబ్బు ఆయన దగ్గరే వడ్డీకి తెచ్చావా?"

"దాన్ని ఆర్థిక నిర్వహణ అంటారక్కా."

"అత్త సొమ్ము అల్లుడు దానం అంటార్రా! పైగా ఆ అల్లుడే వడ్డీ కడుతున్నాడు."

ఆ అప్పు నీళ్ల మోటారుకు కొంత, పాత బకాయిలకు కొంత, ఆయన వడ్డీకి ఆయనకే కొంత పోయి, లిఫ్టు దాకా రాలేదు. మరి తర్వాతి వడ్డీ ఎలా? మెట్లు వాడేవారికి మెట్ల చార్జీ వేశాం. సూపర్ మార్కెట్ కిందే ఉంది కాబట్టి దానికి వర్తించదు. న్యాయం న్యాయమే కదా! కిందికి దిగలేదు గనక మా అక్కకూ వర్తించదు. పన్ను రాయితీలు పెద్దవాళ్లకేనని ఏడ్చేవాళ్లు ఇది గమనించాలి.

లిఫ్టు ఆగాక గోడౌనుకు సరుకు ఎక్కించడం ఓనరుకు కష్టమైపోయింది. రోడ్డు మట్టానే ఒక గది వెతుక్కున్నాడు, దొరికింది. నెలాఖరున అక్క బాల్కనీలో నిలబడి చూస్తుండగా అవతల తన షాపు బోర్డు దించేసి, కుట్టుమిషను బయట రోడ్డు పక్కన పెట్టేసి, లోపల బియ్యం బస్తాలు సర్దారు. వ్యాపారం పెంచుతాడని నేను ఆనాడే చెప్పలేదూ!

అక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "నా మిషనొక్కటీ తెచ్చిపెట్టు, తడిసిపోతుంది" అంది.

వెళ్లాను. ఇనుప కాళ్ల కుట్టుమిషను అది. సాయానికెవరూ దొరకలేదు. చీకటి మెట్ల మీద భుజం మార్చుకుంటూ, మలుపు మలుపుకూ దించుకుంటూ నాలుగు అంతస్తులూ ఎక్కి గుమ్మంలో కూలబడ్డాను. అక్క గోడ పట్టుకుని మెల్లగా వచ్చి మిషను మీద దుమ్ము కొంగుతో తుడిచింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పరా తమ్ముడూ, లోటు మంచిదేనా?"

చెప్పేవాణ్ణే. ఊపిరి అందలేదు.