పోరాడి తెచ్చుకున్న పన్నెండు గంటలు

ఇకపై మా పట్టణంలో చలి అనేది ఉండబోదని వేడినీటి శాఖాధిపతి పాంఫిల్ గారు డిసెంబరు మొదట్లో ప్రకటించారు. రొమేనియాలో ఇలాంటి చల్లని కబుర్లకు కొదవ లేదు. అపార్ట్‌మెంట్లకు గొట్టాల్లో వేడినీళ్లు పంపి గదులను వెచ్చగా ఉంచేది ఆ శాఖే. రోజుకు పదహారు గంటలు వచ్చే వేడిని నవంబరులో ఆయనే యాభై శాతం కోశారు. జనం గోల పెట్టేసరికి కరుణించి యాభై శాతం పెంచారు. లెక్క సరిపోయిందంటూ ఊరంతా చప్పట్లు కొట్టింది.

మా నాలుగో అంతస్తు వెతూరియా అత్తకు మాత్రం బొత్తిగా కృతజ్ఞత లేదు. ఆమె కూతురు ఈమధ్యే ప్రసవించింది. మెట్ల దగ్గర జరిగిన మా సంఘం సమావేశంలో, ఊరబెట్టిన క్యాబేజీ పీపాల మధ్య నిలబడి నిలదీసింది.

"పదహారు గంటలొచ్చేది పన్నెండే వస్తోంది. తెల్లారేసరికి పసిదాని చేతులు కొయ్యబారిపోతున్నాయి. ఆ నాలుగు గంటలూ ఎవడు మింగాడు?"

సంఘం పెద్ద సాందు మావ దీర్ఘంగా ఆలోచించి తీర్పు చెప్పాడు.

"మోసమంతా వరసలో ఉందే అత్తా! ముందు కోసి తర్వాత పెంచాడు, దొంగ సచ్చినోడు. ముందు పెంచమందాం. కోత సంగతి తర్వాత చూసుకోవచ్చు."

ఊరు ఊరంతా కదిలింది. పాంఫిల్ గారు ప్రజాభీష్టానికి తలవంచి, పాత పదహారు గంటల మీదే యాభై శాతం పెంచారు. ఆ రోజు ఇరవైనాలుగు గంటలూ వేడి! మగాళ్లు బనియన్లతో బాల్కనీల్లో కూర్చుని ప్లమ్ పండ్ల సారా తాగారు. అత్త పసిదానికి తనివితీరా స్నానం చేయించింది. మర్నాడు, ఒప్పందం ప్రకారం, యాభై శాతం కోత పడింది.

"మళ్లీ పన్నెండేగా?" అంది అత్త.

"అది వాడు మన మొహాన పడేసిన పన్నెండు. ఇది మనం పోరాడి తెచ్చుకున్న పన్నెండు. ఆ మాత్రం తేడా తెలీదూ?" అని సాందు మావ కసిరాడు.

వారం తిరక్కుండానే పసిదానికి దగ్గు పట్టుకుంది. వేడిలో లోపం లేదని ఉద్యమమే తేల్చేసింది కనుక, తప్పు కిటికీ సందుల్లోంచి వచ్చే గాలిదే అయి ఉండాలి. మాలో ఏ జబ్బుకైనా ఆ గాలే కారణమని చంటిపిల్లలకు కూడా తెలుసు. అందరం కలిసి అత్త ఇంటి కిటికీలకు టేపు అంటించాం, తలుపుల తాళం కన్నాల్లో గుడ్డలు కుక్కాం. పైసా పుచ్చుకోలేదు. మా చైతన్యాన్ని పాంఫిల్ గారు సభాముఖంగా మెచ్చుకున్నారు.

దగ్గు ఇంకా తగ్గలేదు. మిగిలిపోయిన సందేదో వెతుకుతూనే ఉన్నాం. మీ ఊళ్లో టేపు మిగిలి ఉంటే కాస్త పంపించండి.