ముందస్తు నడక

నడకకని బయల్దేరి నిజంగానే నడిచేసి వచ్చేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. నడకలో ఏముందండీ? ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి. ఆ పని కోళ్లు కూడా చేస్తాయి! అసలు ఆనందమూ ఆరోగ్యమూ అంతా నడకకి ప్లాన్ వేయడంలోనే ఉంది. నమ్మకపోతే నన్ను చూడండి. మా ఊరి పక్కనున్న లెన్నె నది ఒడ్డున ఒక చుట్టు తిరిగి రావడానికి వసంతకాలం నుంచి ప్లాన్ వేస్తున్నాను. ఇంతవరకు కాలికి ఒక్క బొబ్బ లేదు.

సంగతేమిటంటే, కిందటి చలికాలంలో మా ఆవిడ హెడ్విగ్ మోకాలికి ఆపరేషన్ చేసి కొత్త కీలు పెట్టారు. ఇక నడవొచ్చని డాక్టరు చెప్పిన రోజే ఆమె అడిగింది.

"ఎకార్ట్, ఈ ఆదివారం నది దగ్గరికి వెళ్దామా? ఏడాదైంది ఆ నీళ్లు చూసి."

"ఈ ఆదివారమా? ప్లాన్ లేకుండానా?"

ఆమె నన్ను పారాచూట్ లేకుండా విమానంలోంచి దూకమన్నంత పని చేసింది మరి! నేనేమో మా ఊరి నడక సంఘంలో దారి చూపించేవాణ్ణి. మాకొక ఆచారం ఉంది. పదిమందిని వెంటబెట్టుకుని వెళ్లేముందు, దారి చూపించేవాడు ఒంటరిగా వెళ్లి ఆ దారంతా నడిచి చూసి రావాలి. దాన్ని ముందస్తు నడక అంటాం. ఆ ముందస్తు నడకకి కూడా ముందస్తుగా ప్లాన్ ఉండాలన్నది మాత్రం నా సొంత ఆవిష్కరణ.

నది దగ్గర బోర్డు మీద ఆ దారి కష్టం 'మధ్యస్థం' అని రాసుంది. ఎవరికి మధ్యస్థం? రాసినవాడి మోకాలికా, మా ఆవిడ మోకాలికా? మా స్నేహితుడు ఫ్రీడ్‌హెల్మ్ 'మధ్యస్థమేరా' అని తీసుకెళ్లిన ఒక దారిలో మేక సైతం ఆగి ఆలోచిస్తుండగా ఈ కళ్లతో చూశాను. అందుకని ఎత్తుపల్లాల పటం గీశాను. ఏ బెంచీ తర్వాత ఏ బెంచీ వస్తుందో గుర్తుపెట్టుకున్నాను. వాటిలో ఒకదానికి వీపు ఆనించుకునే చెక్క లేదని ఫొటోల్లో చూసి, దారే మార్చేశాను.

మధ్యలో ఎక్కడైనా కూర్చుని వేడి సూపు తాగడం లేకపోతే మా వైపు దాన్ని నడక అనరు, శిక్ష అంటారు. నది పక్కనున్న భోజనశాలకు సోమ, మంగళవారాలు సెలవు. మిగతా రోజులు తెరుస్తారు. తెరిస్తే జనం వస్తారు. జనం వస్తే సైకిళ్లు వస్తాయి. సైకిళ్లు వస్తే కొత్త మోకాలి గతేంటి? పోనీ సైకిళ్లు లేని రోజున వెళ్దామంటే సూపు లేదు! ఈ చిక్కు విప్పుతూ నేను వేసవి అంతా హాయిగా గడిపాను.

తర్వాత నడకకి తీసుకెళ్లే బంగాళాదుంప సలాడ్ మయొనైజ్‌తోనా, వెనిగర్‌తోనా అని మా వాట్సాప్ గ్రూపులో చర్చ పెట్టాను. ఫ్రీడ్‌హెల్మ్ భార్య గేర్లిండె మా దేశపు దక్షిణాది మనిషి, అక్కడివాళ్లలాగే వెనిగరే అని పట్టుబట్టింది. ఒకసారి తూర్పు పడమరలుగా చీలిన దేశం ఈసారి ఉత్తర దక్షిణాలుగా చీలుతుందేమోనని భయపడ్డాను. ఆ తర్వాత గ్రూపులో ఎవరూ నోరు మెదపలేదు. నా ప్లాన్ అంత సంపూర్ణంగా ఉందన్నమాట!

"ఆకులు రాలేలోపైనా వెళ్తామా?" అని హెడ్విగ్ మొన్న అడిగింది.

"ఏ చెట్టు ఆకులు?" అన్నాను. ఖచ్చితత్వం ముఖ్యం కదా.

ఆమె ఎప్పటిలాగే ఆదివారం గేర్లిండె ఇంటికి కాఫీకి వెళ్తున్నానంది. ఇదే అదనని నేను రెండు చేతికర్రలు, ఈల, బ్యాండేజీలు సర్దుకుని ఎట్టకేలకు ముందస్తు నడకకి బయల్దేరాను.

సగం చుట్టు నడిచి చెక్క వంతెన దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా నవ్వులు వినిపించాయి. ఫ్రీడ్‌హెల్మ్, గేర్లిండె. వాళ్లకంటే ముందు, కర్ర లేకుండా, బుగ్గలు ఎర్రబడి, మా హెడ్విగ్!

అలాంటి సమయంలో ఏ భర్తయినా ఏమంటాడు? నేనన్నది ఇదీ:

"మీరు వ్యతిరేక దిశలో వస్తున్నారు!"

"చుట్టే కదరా ఇది!" అన్నాడు ఫ్రీడ్‌హెల్మ్. "ఎటు తిరిగినా చివరికి కారు దగ్గరికే కదా చేరేది!"

నేను వాడి మాట వినిపించుకోలేదు. ఆమె మోకాలినే చూస్తున్నాను. వంగుతోంది. లేస్తోంది. వంతెన మెట్టు దిగేటప్పుడు కాస్త కూడా తడబడలేదు. ఆపరేషన్ రోజు నుంచి నన్ను నిద్రపోనివ్వని భయమంతా ఆ ఒక్క మెట్టు గురించే. నాకు ఏడుపొచ్చింది, సంతోషం కొంత, ఉక్రోషం కొంత.

"నన్ను పిలవలేదేం?" అన్నాను.

"ఈస్టర్ నుంచీ పిలుస్తూనే ఉన్నానుగా" అంది హెడ్విగ్. ఆ గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఇప్పుడు బాగా నడుస్తోంది కదా!" అంది గేర్లిండె, నన్ను ఓదార్చబోయి. "మొదటి రోజు చూడాల్సింది. ఈ వంతెన దాటడానికి మా ఇద్దరి భుజాలూ పట్టుకుంది."

చూశారా, పాఠకులారా, ప్లాన్ మహిమ! నేను ఇంట్లో కూర్చుని మనసారా పటాలు గీస్తుండబట్టే కదా, మా ఆవిడ అడ్డూ ఆపూ లేకుండా ఇన్ని ఆదివారాలు నది ఒడ్డున తిరగగలిగింది! కాబట్టి మీరూ ప్లాన్లు వేయండి. మీ ఇంటిల్లిపాదీ బాగుపడతారు. ఎటొచ్చీ ఒక్కటే లోటు. నా భార్య మళ్లీ నడక నేర్చుకుంటుంటే అందరూ చూశారు, నేను తప్ప.