తోక కింద నిమ్మకాయ

ఆ సోమవారం భీమేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున కొలతలు ముగించాలి, సాయంత్రం కాకినాడ రైలెక్కాలి, పుట్టి అయిదు నెలలైనా తాను చూడని కూతురిని ఎత్తుకోవాలి. బయలుదేరుతున్నానని భార్య పుణ్యవతికి టెలిగ్రాం కూడా ఇచ్చేశాడు.

పుప్పాలగూడ బండల అవతల ప్రభుత్వం వారి మైదానంలో అతని ఉద్యోగం. మూరెడు చెక్క విమానానికి వెండిరంగు పూసి, ఎత్తైన గుంజ మీద నిలబెట్టి, దూరాన షెడ్డులోంచి రాడార్ తరంగాలు వదులుతారు. తిరిగొచ్చినదాన్ని బట్టి అసలు విమానం శత్రువుకు ఎంత కనబడుతుందో లెక్కగడతారు. బొమ్మను పొద్దున గుంజకెక్కించేదీ, సాయంత్రం దించేదీ కాపలాదారు లింగమూర్తి.

ఆ రోజు మీటరు ముల్లు అనుకున్న చోట ఆగలేదు. మూరెడు బొమ్మ లారీ అంత కనబడింది.

"లెక్క తేలేదాకా సెలవు లేదయ్యా," అన్నాడు అధికారి రామబ్రహ్మం.

భీమేశ్వరరావు ఆగిపోయానని ఇంకో టెలిగ్రాం ఇచ్చాడు.

"మొఖం గట్ల పెట్టినవేంది సార్?" అని లింగమూర్తి అడిగాడు.

"పాపను చూడ్డానికి వెళ్ళలేకపోయాను."

"ఫికర్ జెయ్యకు సార్. నేనున్న గద."

మంగళవారం ముల్లు ఇంకా పైకి పోయింది. భీమేశ్వరరావు రంగు గీకి మళ్ళీ పూశాడు. బుధవారం తీగలు మార్చాడు, గురువారం గుంజే మార్చాడు. మార్చినకొద్దీ బొమ్మ పెద్దదయింది, పొద్దున వస్తున్నానని, సాయంత్రం ఆగిపోయానని టెలిగ్రాములూ వెళ్ళాయి. పాపకు రెండో నెలలో పుణ్యవతి పసుపద్ది పంపిన అరచేతి ముద్ర అతని జేబులో ఉండేది. చిన్న బొమ్మ నుంచి పెద్ద విమానాన్ని లెక్కగట్టే మనిషి, ఆ ముద్ర నుంచి పిల్ల ఎంతుంటుందో లెక్కగట్టలేక బెంగపడిపోయాడు.

శనివారం తానే నిచ్చెనెక్కాడు. తోక కింద ఇనుప తీగకు గుచ్చిన నిమ్మకాయ, మిరపకాయలు, గుర్రపునాడా, ఇత్తడి గంట వేలాడుతున్నాయి.

"దిష్టికి గట్టిన సార్," అన్నాడు లింగమూర్తి. "నీ పని జల్ది గావాలె, బిడ్డను జూడవోవాలె అని సోమవారం నిమ్మకాయ ఒక్కటే గట్టిన. పని చెడుతనే ఉంది. దిష్టి పెద్దదనుకొని, పొద్దున బొమ్మ ఎక్కించినంక గట్టి, దించేటప్పుడు విప్పుకుంట, ఒక్కొక్కటే పెంచిన."

భీమేశ్వరరావు ఒక్కొక్కటే జాగ్రత్తగా విప్పి లింగమూర్తి చేతికిచ్చాడు. తాను కాక, ఆ ఊళ్ళో తన పాప కోసం ఇంతగా ఆరాటపడిన మనిషి ఇతనొక్కడే.

తరంగాలను తిప్పికొడుతున్న ఆ ఇనుమూ ఇత్తడీ దిగగానే ముల్లు బుద్ధిగా ఆగింది. రామబ్రహ్మం సెలవు కాగితం మీద సంతకం చేసి ఇస్తుండగా ఆఫీసు జీపు వచ్చి ఆగింది. చంకలో పిల్లతో పుణ్యవతి దిగింది.

"టెలిగ్రాములు వస్తున్నాయి గానీ మీరు రావడం లేదు. అందుకే నేనే వచ్చేశానండి," అంది.

అతను వేలు చాపితే పాప గుప్పిట్లో పట్టుకుంది. చెయ్యి అప్పుడే ముద్రను దాటిపోయింది. ఎంత దాటిందో కొలుద్దామనుకున్నాడు గానీ కళ్ళు మసకబారి కనబడలేదు.

రామబ్రహ్మం కాగితం వెనక్కి తీసుకుని సంతకం కింద రాశాడు: "కారణం స్వయంగా హాజరైనందున సెలవు రద్దు."