వట్టివేళ్ల తడిక

ఆ రోజు పొద్దున్నే సత్యారావు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటిని చల్లబరచాలి, భార్యను ఆపాలి. మొదటి పని అయితే రెండోది దానంతటదే అవుతుందని ఆయన నమ్మకం.

భార్య సన్యాసమ్మ అప్పటికే ట్రంకుపెట్టె సర్దేసి వీధరుగు మీద పెట్టింది. "సాయంత్రం బస్సుకి మాడుగుల ఎల్లిపోతన్నానండీ. ఈ రేకుల కింద నాను బతకలేను. వానలు పడ్డాక వస్తాను" అంది.

"మీ నాన్నగారింట్లో ఎండ కాయదేటే?"

"కాస్తాది. అయితే అక్కడ వదినలున్నారు, పిన్నమ్మలున్నారు. మాటల్లో పడితే ఎండెప్పుడొచ్చి ఎప్పుడెల్లిపోయిందో తెలవదు. ఇక్కడేటుంది? మీరు బొమ్మలేసుకుంటారు. నానూ ఈ రేకులూ మొకమొకాలు సూసుకుంటాం."

ఇన్ని మాటల్లో మాస్టారి చెవికెక్కింది ఎండ ఒక్కటే. భర్తలకు వినపడవలసినదానికంటే ఒక ముక్క తక్కువే వినపడుతుంది, అది వాళ్ల తప్పు కాదు. నిరుడు ఆమె పుట్టింటికి వెళ్లినప్పుడు ఆయన రోజూ మాడిన అన్నమే తిన్నారు. గోడ మీది బల్లితో మాట్లాడారు. సన్యాసమ్మ గొంతు వినపడని ఇల్లంటే ఆయనకు నిజంగా దిగులు. అయితే చోడవరం హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు అలాంటి మాట పైకి ఎలా చెబుతారు? అందుకని, "వట్టివేళ్ల తడిక కట్టిస్తాను, ఉండు" అన్నారు.

"కట్టించండి మరి. మేదరి దాసుకి కబురెట్టండి. తాసిల్దారు బంగళాకి యేటా అతనే కడతాడు."

"దాసెందుకే? నాలుగు వెదురుబద్దలు, ఓ మోపు వేళ్లు! ఊరందరి పిల్లలకీ తిన్నగా గీత గియ్యడం నేర్పినవాణ్ణి, ఆపాటి బద్దలు కట్టలేనా? సాయంత్రానికి నువ్వే దుప్పటి అడుగుతావు, సూడు!"

మాస్టారు ముందు కాగితం మీద బొమ్మ గీసుకున్నారు. బొమ్మ చాలా బాగా వచ్చింది. తడిక మాత్రం ఒక పక్క పొడుగ్గా, ఒక పక్క పొట్టిగా వచ్చింది. అయినా దాన్ని వీధిగుమ్మానికి వేలాడదీశారు. దాన్ని ఎప్పటికప్పుడు తడపాలి కదా, అందుకు నీళ్లు దగ్గరే ఉండాలని అరుగు మీద ఇసక పోసి, అందులో పెద్ద పెద్ద కుండలు కుదురుగా నిలబెట్టారు. కుండల మీద ఎండ పడకుండా తాటాకులు కప్పారు. తడిక పైదాకా నీళ్లు అందేలా పొడుగాటి కాడ ఉన్న గరిటె తయారుచేశారు. తరువాత రోడ్డు మీదికి వెళ్లి, నడుం మీద చేతులు వేసుకుని తన పనితనాన్ని తానే మెచ్చుకున్నారు.

సరిగ్గా అప్పుడే వడ్డాది నుంచి బెల్లం బండి తోలుకొస్తున్న పరదేశి కూడా ఆ పనితనాన్ని చూశాడు. ఇసకలో కుండలు, పైన తాటాకులు, కాడ గరిటె, వట్టివేళ్ల వాసన! ఇంక ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. బండి ఆపి, అరుగు ముందు వంగి, మూతికి దోసిలి పట్టాడు.

"పొయ్యండి బాబూ! ఇన్నాళ్లకి ఈ రోడ్డు మీద సలివేంద్రం ఎట్టేరు. సచ్చి మీ కడుపున పుడతాను."

చలివేంద్రం కాదని చెప్పడానికి మాస్టారు నోరు తెరిచారు. కానీ దోసిలి పట్టినవాడి ముందు గరిటె వెనక్కి తీసుకునేంత గుండె ఆయనకు లేదు. పోశారు. పరదేశి వెనక బండి ఆగింది, దాని వెనక ఇంకొకటి. కుండలు ఖాళీ అయ్యాయి, తడిక ఎండిపోయింది, మాస్టారు కావిడి పట్టుకుని నూతికి పరుగెత్తారు.

తిరిగి వచ్చేసరికి పంచాయతీ ప్రెసిడెంటు గణపతిరావు గారు సైకిలు దిగి నిలబడి ఉన్నారు. "శభాష్ మేస్టారూ! మేం మీటింగులు పెట్టి మాటాడుకుంటన్నాం, మీరు చేసి సూపించేసేరు. వానలు పడేదాకా నడుపుతారు గదా?" అని అందరూ వినేలా అడిగారు. బండ్లవాళ్లు చప్పట్లు కొట్టారు. మాస్టారు భుజం మీద కావిడితో తల ఊపారు. ఆ ఊపు అవునన్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. ప్రెసిడెంటు గారు అవుననే తీసుకున్నారు.

ఇల్లు మాత్రం కుతకుతలాడుతోంది. బస్సు వేళ దగ్గరపడుతోంది. మాస్టారు పరువు పక్కనపెట్టి దాసుకు కబురంపారు. దాసు వెదుళ్లతో వచ్చి, గుంపును చూసి, తడికను చూసి, బుగ్గన వేలేసుకున్నాడు.

"ధర్మానికి నీళ్లు పోస్తా, తడిక ఇంటిగుమ్మానికి కట్టుకుంటారేటి బాబూ? ఈదికి కట్టాల గానీ!"

"ఒరే దాసూ, అది కాదురా, అసలు సంగతేటంటే..."

"మరేటి సెప్పకండి. నాకొగ్గీయండి."

నిజంగా పనివాడే. చూస్తుండగానే అరుగు ముందు పందిరి లేచింది, తడిక వీధివైపుకు మారింది. వీధిలో నిలబడ్డవాళ్లకు హాయిగా చల్లగాలి తగిలింది. ఇంట్లోకి వచ్చే కాస్త గాలినీ ఆ పందిరి ఆపేసింది. మాస్టారు గుమ్మంలో నిలబడి చూస్తే, లోపల పొద్దుటికంటే ఎక్కువగా ఉడికిపోతోంది. ఇక ఆమెను ఏ ముఖం పెట్టుకుని ఉండమనాలి?

ఇంతలో మాడుగుల బస్సు వచ్చింది. రోజూ ఆగే చోట కాదు, సరిగ్గా పందిరి ముందే ఆగింది. డ్రైవరుతో సహా జనం దిగారు. కండక్టరు అరుగు మీది ట్రంకుపెట్టెను చూసి, అడక్కుండానే బస్సు పైకి ఎక్కించేశాడు. వెళ్లొద్దు అన్న మాట మాస్టారి నాలుక చివరిదాకా వచ్చి, ఇంతమందిలో అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, ఎక్కండి! టైమైపోతంది!" అని కండక్టరు కేకేశాడు.

సన్యాసమ్మ అరుగు మీద గరిటెతో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు గరిటె అందుకుందో మాస్టారు చూడనేలేదు. చెంగు నడుముకు చుట్టుకుని, చెమటలు కారుతూ, ముఖం నిండా నవ్వుతో ఉంది. పక్కన రావికమతం నుంచి వచ్చిన పైడితల్లి అనే ముసలమ్మ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది.

"నానెక్కడికొస్తానయ్యా? ఈయమ్మ కోడలి గొడవ సగంలో ఉంది. మిగతాది రేపు సంతకొచ్చినప్పుడు సెప్తానంటంది. ఆ పెట్టి దింపీ!"

మాస్టారు దగ్గరికి వెళ్లి మెల్లగా, "మరి ఇంట్లో వేడో?" అన్నారు.

"ఇంట్లో ఎవులుంటారండీ? మజ్జిగ కూడా పోద్దాం. ముందు నీళ్లు పట్రండి, కుండ అడుగంటింది."

మాస్టారు కావిడి ఎత్తుకుని నూతివైపు నడిచారు. ఎండలో బరువు మోస్తూ ఈల వేసే మనిషిని చోడవరం అంతవరకూ చూసి ఉండదు. ఇల్లు ఎప్పటిలాగే కొలిమిలా ఉంది గానీ, ఆ వేసవంతా అందులో కూర్చుని ఉడకడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.