చుక్కల దొర పెట్టిన సంతకం

చదవకుండా సంతకం పెట్టినవాడే ఈ లోకంలో సుఖపడతాడు. ఇది నా మాట. కాదనేవాళ్ళు ముందుకు రావచ్చు. కాకపోతే చేతిలో కాగితాలేమైనా ఉంటే అక్కడే పడేసి రండి. చదువుతూ నడిస్తే కాలు జారుతుంది.

అగ్రిమెంట్ అనే వస్తువును కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవాలి. పది పేజీలు. చీమల బారుల్లాంటి అక్షరాలు. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు అరబ్బీ. ఒకటి ఇటు నుంచి బయలుదేరుతుంది, ఒకటి అటు నుంచి బయలుదేరుతుంది. రెండూ నడిమధ్య ఎదురుపడి మనను చూసి నవ్వుకుంటాయి. ఇంత కష్టపడి అచ్చు వేసింది మనం చదవడానికేనా? చదవాలని ఉంటే తెలుగులో వేయరూ?

చదివినవాళ్ళు బాగుపడ్డది ఎక్కడ? మా ఊరి బడిలో నాతో ఐదో తరగతి దాకా కూర్చున్న దస్తగిర్‌కు కనబడిన కాగితమల్లా చదివే జబ్బు ఉండేది. ఒకసారి బస్సు టికెట్టు వెనకాల ఉన్న నియమాలు చదువుతూ కరీంనగర్‌లో దిగవలసినవాడు మంథనిలో దిగాడు. తిరుగు టికెట్టు కొన్నాడు. అదీ చదివాడు. నాకు తెలిసినంతవరకు ఆ రెండు ఊళ్ళ నడుమ ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు. పీటల మీద కూర్చుని, అయ్యగారిని ఆపి, ఈ మంత్రానికి అర్థమేమిటని అడిగిన పెళ్ళికొడుకును మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. వాడికి పెళ్ళి అయి ఉండదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే కెనడా దేశపు చుక్కల దొర సంగతి వినండి.

మస్కట్ పక్కన రువీలో మా రోడ్డు కంపెనీ క్యాంపు ఉంది. నేనక్కడ వంటవాణ్ణి, పేరు దేవయ్య. మావాళ్ళు అల్ అమెరాత్ వైపు కొండను తొలిచి దారి వేస్తున్నారు. పోయిన ఏడు కంపెనీవాళ్ళు దయతలచి మెస్సులో రంగుల టీవీ పెట్టించారు. గురువారం సాయంత్రం డ్యూటీ దిగుతాం, మరునాడు జుమ్మా సెలవు. నలభై మందిమి స్నానం చేసి, తలలకు నూనె రాసుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు దాని ముందు కూర్చుంటాం. సరిగ్గా ఆ వేళకు ఆకాశంలో తిరిగే ఓడ వస్తుంది.

ఆ ఓడకు కెప్టెన్ ఒక పొడుగాటి మనిషి. ఒంటికి అతుక్కుపోయిన వెండిరంగు బట్టలు. వాటిలోకి ఆయన ఎలా దూరాడు, మళ్ళీ ఎలా బయటపడతాడు అన్నదాని మీదే మా క్యాంపులో మూడు నెలలు చర్చ జరిగింది. చుక్కల మధ్య తిరుగుతాడు గనుక చుక్కల దొర అని మేమే పేరు పెట్టుకున్నాం.

మాట ఇంగ్లీషు, కింద రాత అరబ్బీ, చూసేవాళ్ళం తెలుగువాళ్ళం. ఇంతకంటే అదృష్టం ఉంటుందా! ఒక్క సీరియల్‌కు నలభై కథలు. టిప్పర్ డ్రైవర్ పెద్దులు లెక్కలో దొర తప్పిపోయిన పెళ్ళాన్ని వెతుక్కుంటున్నాడు. నా లెక్కలో ఓడలో ఉప్పు అయిపోయింది, చేబదులు కోసం గ్రహం గ్రహం తిరుగుతున్నాడు. రాళ్ళు పగలగొట్టే గ్యాంగులో పనిచేసే భీమన్న మాత్రం ఒక్క మాట మీదే ఉండేవాడు.

"దొర ఇంటికి వోతాండు కాకా. తొవ్వ దొరుకుతలేదు, గంతే."

భీమన్నకు ఇల్లు తప్ప వేరే ధ్యాస లేదు. అతను విమానం ఎక్కిన రెండు నెలలకు కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడి పుట్టువెంట్రుకలు వేములవాడ రాజన్నకు మొక్కి ఉన్నారు. తండ్రి ఎదుట లేకుండా కత్తెర పడకూడదని వాళ్ళ ఇంటి పద్ధతి. తీస్తే బేసి ఏట తీయాలి. మొదటి ఏడు దాటిపోయింది. ఇప్పుడు మూడో ఏడు నడుస్తున్నది. ఇదీ తప్పితే ఐదో ఏడే. భీమన్న రెండేళ్ళ అగ్రిమెంటు తీరి నాలుగు నెలలైనా, ఆఫీసులో అడిగిన ప్రతిసారీ 'చూద్దాం' అనే మాటే వస్తున్నది.

ఈలోగా పిల్లవాడి జుట్టు వీపు మీదికి దిగింది. తల్లి శాంతవ్వ రెండు జడలు వేసి ఎర్ర రిబ్బన్లు కట్టి ఫోటో తీయించి పంపింది. అది క్యాంపంతా చేతులు మారింది.

"బిడ్డ మంచిగున్నది భీమన్నా," అన్నాడు పెద్దులు.

"కొడుకే."

"అట్లనా. మా పోరనికి అడుగుదామనుకుంటి."

భీమన్న ఫోటో లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. వారం రోజులు పెద్దులుతో మాట్లాడలేదు.

ఇలా ఉండగా మా టైంకీపర్ నిసార్ అహ్మద్ ఒక సాయంత్రం అట్ట చిరిగిన ఇంగ్లీషు పత్రిక తెచ్చాడు. ఇంజనీరు చదివి పారేసిందట. నిసార్‌ది కడప. ఇంగ్లీషు గలగలా చదువుతాడు. తెరిస్తే లోపల మా దొర ఫోటో, పక్కన నాలుగు పేజీల జీవితచరిత్ర!

అసలు పేరు నార్మన్ డ్రిస్కాల్ అట. కెనడాలో ఆలుగడ్డలు తప్ప మరేమీ పండని ఊరు. మొదట్లో అక్కడి రేడియోలో పొద్దున్నే ఆలుగడ్డల ధర చదివేవాడట. నాటకాల పిచ్చి. ఆ దేశంలో వేషాలు దొరక్క, ఇరవై ఎనిమిదో ఏట ఓడెక్కి లండన్ చేరుకున్నాడు.

"అంటే గాయినె సుత పనికే దేశం వోయిండా?" అని అడిగాడు భీమన్న.

"పనికే. ఒక రూమ్‌లో ఆరు మంది ఉండేటోళ్ళంట."

ఆ ఒక్క మాటతో దొర మావాడైపోయాడు. పెద్దులు కొంచెం జరిగి, పత్రిక పెట్టడానికి బల్ల మీద చోటిచ్చాడు.

లండన్‌లో మొదటి సీరియల్. ఏడాది పొడుగునా ముఖానికి ఆకుపచ్చ రంగు పూశారు. వేషం వేరే గ్రహం బల్లి. తల్లికి జాబు రాశాడట: 'అమ్మా, నేను టీవీలో వస్తున్నాను. ఎడమ నుంచి మూడో బల్లిని నేనే' అని. తరువాత ఐదు సీరియళ్ళలో ఐదుసార్లు కిరణాలు తగిలి చచ్చాడు. పత్రికలో ఐదే ఉన్నాయి. వంటింటి దాకా వచ్చేసరికి పదకొండు అయ్యాయి. ఆ ఆరూ నేను చంపినవే, దాపరికమెందుకు?

చచ్చీ చచ్చీ, చివరికి దశ తిరిగింది. ఆకాశపు ఓడకు కెప్టెన్ వేషం వచ్చింది. సీరియల్ తీసే కంపెనీవాళ్ళు ఆయనను పిలిచి ముందుగా కెప్టెన్ కుర్చీ చూపించారు. గుండ్రంగా తిరిగే కుర్చీ, చేతులు ఆనించే చోట మిణుకుమిణుకుమనే దీపాలు. అది చూపించి అగ్రిమెంటు ముందు పెట్టారు.

"సదివిండా?" అన్నాడు భీమన్న.

"లేదన్నా. కుర్చీ జూసినాడు, సంతకం పెట్టేసినాడు. ఆయప్పే చెప్పుకున్యాడు ఇక్కడ."

"ఎందుకు? ఇంగిలీషు రాదా ఆయినెకు?"

"వాళ్ళమ్మ జోల పాడిందే ఇంగ్లీషులో."

భీమన్న కలుపుతున్న చేయి ఆపాడు. కంచంలో అన్నం అలాగే ఉంది.

పాఠక మహాశయులారా, గమనించారా? ఉగ్గుపాలతో ఇంగ్లీషు తాగినవాడే చదవలేదు. ఇక మనం చదవకపోవడం తప్పెలా అవుతుంది? అది లోకమర్యాద!

దాని ఫలం వినండి. రెండేళ్ళు రాజభోగం. మూడో ఏడు చూసేవాళ్ళు తగ్గారని ఓడను ఆపేశారు. దొరకు ఇంటిదారి దొరకనే లేదు, కథ నిలిచిపోయింది. నిలిచిపోయి నాలుగేళ్ళయిందని నిసార్ చెప్పేసరికి మెస్సంతా గొల్లుమన్నది.

"మరి మొన్న బేస్తారం నాడు వచ్చినోడెవడు?" అన్నాడు పెద్దులు.

"పాత బొమ్మన్నా. మనకు ఇప్పుడు చూపిస్తాండారు."

ఓడ ఆగింది గానీ అగ్రిమెంటు ఆగలేదు. అది ఐదేళ్ళది. మిగిలిన మూడేళ్ళు ఆయన మరెక్కడా ఏ వేషమూ కట్టకూడదు. కంపెనీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి, ఆ వెండిబట్టల్లోనే, పోవాలి. బిస్కట్ల ఫ్యాక్టరీకి పోయాడు. కుక్కల అందాల పోటీకి పోయాడు. మధ్యలో ఒక పెద్ద నాటకశాలవాళ్ళు కబురు చేసి రాజు వేషం ఇస్తామన్నారు. బల్లిగా ఉన్ననాటి నుంచి ఆయన కోరుకున్న వేషం అది. కంపెనీ వీల్లేదన్నది. ఆ నాటకానికి తెర లేచిన రోజున మన దొర వెండిబట్టలు తొడుక్కుని కోళ్ళదాణా దుకాణం ముందు రిబ్బను కత్తిరిస్తున్నాడు. గడువు తీరేసరికి పిలిచేవాడు లేడు. కెనడా తిరిగి వెళ్ళి, అదే రేడియోలో, మళ్ళీ ఆలుగడ్డల ధర చదువుతున్నాడు.

ఎంత హాయి! ఇవాళ ఏ వేషం కట్టాలన్న బెంగ లేదు, ఏ బట్ట తొడగాలన్న బెంగ లేదు. అన్నీ కంపెనీయే ఆలోచించింది. ముందే చదివి ఉంటే ఏమయ్యేది? ప్రశ్నలు వేసేవాడు. కుర్చీ ఇంకొకడికి పోయేది. పాపం, ఆ కోళ్ళదాణా దుకాణం ఈనాటికీ తెరుచుకుని ఉండేది కాదు.

నా వాదన మెస్సులో అందరికీ నచ్చింది. భీమన్న ఒక్కడే ఫోటో ఉన్న జేబును తడుముకుంటూ లేచిపోయాడు.

ఆ శనివారం పొద్దున ఆఫీసు క్లర్కు ఎహసాన్ సాహెబు మెస్సు ముందు బల్ల వేసుకుని, కాగితాల కట్ట, ఇంకు డబ్బీ పెట్టుకుని కూర్చున్నాడు. మనిషి హైదరాబాదువాడు, మంచివాడే. కాకపోతే ఎప్పుడూ తొందర. సెలవు కాగితాలని చెప్పగానే వరుస కట్టాం. అందరికంటే ముందు నేను, పొయ్యి మీద పప్పు ఉంది గనుక. నాకు చక్కగా సంతకం వచ్చు. అయినా వేలిముద్రే వేశాను. పని త్వరగా తెములుతుంది.

నా వెనక భీమన్న. అతని బొటనవేలు ఇంకు డబ్బీ దాకా వెళ్ళి ఆగింది.

"ఇండ్ల ఏమున్నది సార్?"

"సెలవు కాగితం మియా. అంగూఠా లగావ్."

"ఎప్పటి సెలవు?"

"అరే జల్దీ కరో. వెనక లైన్ చూడు ఎంతున్నదో."

"నిసారు సదివినంక ఏస్త."

ఎహసాన్ సాహెబు కలం కింద పెట్టాడు. "ఎనిమిది సంవత్సరాల నుంచి చేస్తున్న ఈ పని. ఒక్కడు చదవలే. ఒక్కడు."

"దొర సుత సదవలే సార్. గందుకే ఆలుగడ్డల కాడికి వోయిండు."

"ఏ దొర?"

నిసార్ ముందుకు వచ్చి కాగితం అందుకున్నాడు. అతనిదీ కంపెనీ ఉద్యోగమే, ఒకసారి ఆఫీసు వైపు చూసి చదివాడు. "ఇంకో రెండేండ్లకు అగ్రిమెంటు పొడిగించినట్టు రాసినారు. సెలవు, కంపెనీకి ఎప్పుడు వీలైతే అప్పుడు."

భీమన్న వేలికి ఇంకు అంటనే లేదు. అయినా దాన్ని ప్యాంటుకు గట్టిగా తుడుచుకున్నాడు.

"పోరని ఎంటికలు తియ్యాలె సార్. నా పాస్‌పోర్టు ఇయ్యిండ్రి," అని ఆ బల్ల ముందే కింద కూర్చున్నాడు. అతని వెనక పెద్దులు కూర్చున్నాడు. ఆ తరువాత వరుసంతా కూర్చుంది.

చదువు ఎన్ని అనర్థాలు తెస్తుందో చూడండి! సగం పూట డ్యూటీ ఆగిపోయింది. టిప్పర్లు ఎండలో ఊరికే నిలబడ్డాయి. ఇబ్రా ఊరికి పోయిన అర్బాబు, అంటే కంపెనీ యజమాని, పని మానుకుని తిరిగి రావలసి వచ్చింది. అక్కడే నిలబడి చూస్తూ నేను పప్పు మాడబెట్టాను. ఆ ఒక్క కాగితంతో ఊరుకున్నారా? ప్రతివాడూ నాకూ చదువు, నాకూ చదువు అన్నాడు. నిసార్ నోరు ఎండిపోయేదాకా చదివాడు. విన్నాక కొందరు వేలిముద్ర వేశారు, కొందరు వేయలేదు.

తొమ్మిది రోజులు నానబెట్టి, భీమన్న చేతిలో పాస్‌పోర్టు పెట్టి, మళ్ళీ ఈ కంపెనీ గడప తొక్కవద్దని చెప్పి పంపించారు. మంచి కంపెనీ పోగొట్టుకున్నాడు. నెలన్నరకు వేములవాడ నుంచి ఫోటో వచ్చింది. నున్నటి గుండుతో పిల్లవాడు బోరుమని ఏడుస్తున్నాడు. పక్కన భీమన్న పళ్ళన్నీ బయటపెట్టి నిలబడ్డాడు. కంపెనీ పోయినవాడు నవ్వవలసిన నవ్వు కాదది.

నా సంగతంటారా? నేను సుఖంగా ఉన్నాను. మా ఇంటిది రాములవ్వ ఊడిన ముందరి పళ్ళు కట్టించుకున్నదట. నవ్వితే ఎలా ఉంటుందో ఒకసారి చూసి వద్దామని ఉన్న మాట నిజమే. తొందరేముంది? కట్టుడు పళ్ళు ఎక్కడికీ పోవు. రెండేళ్ళు ఎంతలో గడుస్తాయి!

మొన్న టీ వేళ, ఊరికే కాలక్షేపానికి, ఆఫీసు ఫైలులో ఉన్న నా కాగితాన్ని తెప్పించి నిసార్‌ను కూర్చోబెట్టుకున్నాను. పది పేజీలూ చదివించాను. చిట్టచివర, సరిగ్గా నా వేలిముద్ర పైన, ఒక వాక్యం ఉంది. నిసార్ దాన్ని తెలుగులో చెప్పాడు: 'పై షరతులన్నీ నాకు నా సొంత భాషలో చదివి వినిపించగా, పూర్తిగా గ్రహించి, నా ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను.'

అచ్చులో ఉన్న మాట. నా వేలే సాక్ష్యం. ఇక కాదనడానికి నేనెవణ్ణి?

"గీ మాట ఏ భాషల రాసిండ్రు బిడ్డా?" అని అడిగాను.

"ఇంగ్లీషులో చాచా," అని నిసార్ వేలు కుడివైపుకు జరిపాడు. "ఇదో, ఈ పక్క అరబ్బీలో గూడా ఉండాది."