నోరు మెదపని చివరి వరుస

ఆ పొద్దున రికార్డుల గదిలో అక్కయ్య పెట్టుకున్న పని ఒక్కటే: కిటికీ పక్క బీరువాలోని ఫైళ్లకు కొత్త చీటీలు అతికించడం. ఉద్యోగంలో ఆమెకింకా రెండేళ్లున్నాయి. అవి అయిపోతాయన్న తలపుకే ఆమెకు బెంగ. ముందురోజు కుర్చీలో దిండును ఉతకడానికి ఇంటికి పట్టుకెళ్తే, ఆమె ఇక రాదట అని ఆఫీసంతా గుప్పుమంది.

అక్కడే కంప్యూటర్లు చూసే ఆమె మరిదిని అందరూ 'సులువు' అంటారు. బాగున్న పనిని ఇంకా సులువు చేసి చెడగొట్టడంలో అతని తర్వాతే ఎవరైనా.

"వదినా, మన మైకు మెషీను టైపు చేసిన నోటీసంతా ఒక్క గుక్కలో గడగడా చదివేసేది కదా! దానికి తోడుగా చిన్న ప్రోగ్రాం రాశా. ఇక ఒక్కో వరుసే తీసుకుని తాపీగా చదువుతుంది."

"వరుస అయిందని దానికెలా తెలుస్తుందయ్యా?"

"ఎంటర్ కొడితే అయినట్టే. చాలా సులువు!"

"నువ్వా మాటన్నప్పుడల్లా ఏదో ఒకటి చెడుతుంది."

పదకొండింటికి గోడ మీది స్పీకరు పలికింది. మేనేజరు స్వయంగా టైపు చేసి, తనిఖీకి వెళ్లిపోయిన నోటీసు అది.

"రికార్డుల మేడమ్ గారు... ఈ రోజుతో రిటైరవుతున్నారన్న మాట... నిజం."

అక్కయ్య చేతిలో జిగురు సీసా జారిపోయింది. పుట్టిన తేదీ ఎక్కడైనా తప్పు పడిందా? తన ఫైలు కోసం బీరువా అంతా గాలించింది. అది లేదు. వీడ్కోలు ఉపన్యాసం రాసుకోవడానికి హెడ్‌క్లర్కు అప్పుడే ఎత్తుకుపోయాడు.

"మీరు లేని లోటు తీరేది కాదక్కయ్యా," అంటూ టైపిస్టు ఆమె కుర్చీలో కూర్చుని ఎత్తు సరిచూసుకుంది. "ఈ ఫ్యాను మాత్రం నా గదికి," అన్నాడు హెడ్‌క్లర్కు కళ్లొత్తుకుంటూ. ఇరవై ఆరేళ్లలో ఒక్కరూ అనని మంచిమాటలు గంటలో అనేశారు. అక్కయ్య నిలబడే విన్నది. కూర్చోడానికి కుర్చీ లేదు మరి.

"ఏమయ్యా, మెషీను పొరబడిందేమో చూడు!" అంది మరిదితో.

"మెషీన్లు పొరబడవు వదినా. మనుషులే బెంగపడతారు."

మూడింటికి మేనేజరు వచ్చి, వీడ్కోలుకని తెచ్చిపెట్టిన పూలగుత్తి చూశాడు. "ఎవరికిది?"

"మీరే కదండీ నోటీసిచ్చారు!" అన్నాడు హెడ్‌క్లర్కు.

"పుకారు నమ్మకండని ఇచ్చాను. 'మాట నిజం కాదు' అని! 'కాదు' ఏదయ్యా?"

సులువు తెర మీదికి వంగాడు. "ఉంది సార్. కింది వరుసలో. దాని తర్వాత మీరు ఎంటర్ కొట్టలేదు. వరుస పూర్తి కాలేదని పాపం పొద్దుట్నుంచీ ఎదురుచూస్తోంది."

"నా బతుకు తెల్లారిపోతుంటే అది మర్యాదగా ఎదురుచూసిందా!" అంది అక్కయ్య.

మేనేజరు ఎంటర్ మీద వేలు పెట్టి నొక్కాడు.

"కాదు," అంది స్పీకరు.

టైపిస్టు నెమ్మదిగా కుర్చీలోంచి లేచింది. హెడ్‌క్లర్కు ఫ్యాను మోసుకొచ్చి యథాస్థానంలో పెట్టాడు. ఆ రోజు వీడ్కోలు మొత్తానికి ఆ ఇద్దరి కళ్లలో నిజమైన కన్నీళ్లు కనబడింది అప్పుడే.