కొండ కనబడినప్పుడు కర్ర ఎవరు పట్టుకోవాలి?

నలభై దాటిన ప్రతి మగవాడూ తక్షణం విమానం నడపడం నేర్చుకోవాలి! ఇది ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. కాని ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి, ఆ తర్వాత తీరిగ్గా నవ్వండి.

ఇరవై ఏళ్ల కుర్రవాడికి విమానం నడపడానికి ఏం అర్హత ఉంది? చూపు బాగుంటుంది, నిజమే. చూపు బాగున్నవాడికి కింద ఎంత లోతుందో స్పష్టంగా కనబడి కళ్లు తిరుగుతాయి. నలభై నాలుగేళ్లవాడికి ఆ ఇబ్బంది లేదు. ఇంజను రొదకు కుర్రవాడి చెవులు హోరెత్తుతాయి. పెద్దవాడికి ఆ సాధన ఇంట్లో ఎప్పుడో పూర్తయింది. ఇక పైన గాలికి జుట్టు చెదురుతుందంటారా? చెదరడానికి ఏమైనా మిగిలి ఉంటే కదా!

అసలు స్వరాజ్యం వచ్చి ఏడాది తిరిగేసరికి మన చిత్తూరు జిల్లాలో నడివయసు వాళ్లు ఎంతమంది కొత్త పనుల్లోకి దిగలేదు? గురప్పగారినే చూడండి. నిన్నమొన్నటిదాకా సారా కంట్రాక్టరు. ఇవాళ మద్యనిషేధ ప్రచార సంఘానికి అధ్యక్షులు. యుద్ధం రోజుల్లో దొరగారి పక్కన నిలబడి వార్‌ఫండు వసూలు చేసినవారు, ఇప్పుడు ఖద్దరు కట్టి రోడ్ల కమిటీ చూస్తున్నారు. ఆయన ఏ స్కూల్లో చేరి ఈ పనులు నేర్చుకున్నారు? ఏ పరీక్ష పాసయ్యారు? ఎవరైనా అడిగారా?

అడగలేదు. దామోదరాన్ని మాత్రం అందరూ అడిగారు.

దామోదరమంటే చిత్తూరు నుంచి తిరుపతికి బస్సు నడిపే దామోదరమే. బస్సూ ఆయనదే, డ్రైవరూ ఆయనే. అంతకుముందు జట్కా తోలేవాడు. గుర్రాన్నమ్మి, అప్పోసప్పో చేసి బస్సు కొన్న ఏడాదే యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కరువైపోయింది. అందరిలాగే ఆయనా పెట్రోలు బదులు బొగ్గు గ్యాసుతో నడవడానికి బస్సు వెనక బొగ్గు కుంపటి తగిలించుకున్నాడు. ఆ బొగ్గు బస్సు చిన్న మిట్ట కనబడితే చాలు, ప్రయాణికుల్ని దిగి తొయ్యమనేది. పక్కన నడిచే గొర్రెల కాపరి బస్సులో కూర్చున్న తన వియ్యంకుడితో పాకాల దగ్గర మొదలుపెట్టిన కబురు చంద్రగిరిలో ముగించిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఆ దారిలో ఒక ఆచారం ఉంది. చంద్రగిరి దగ్గర ఒక మలుపు తిరగ్గానే ఏడుకొండలు ఎదురుగా నిలబడతాయి. “గోవిందా!” అని బస్సు బస్సంతా మొక్కుతుంది. డ్రైవరు కూడా స్టీరింగు వదిలేసి, కళ్లు మూసుకొని, రెండు చేతులూ జోడించాలి. ఒంటిచేత్తో దండం పెట్టి సరిపుచ్చుకుందామంటే జనం ఊరుకోరు.

జట్కా తోలిన రోజుల నుంచీ దామోదరం అలాగే మొక్కుతున్నాడు. బండి ఎన్నడూ దారి తప్పలేదు. అంతా స్వామి మహిమ అన్నారు జనం. జట్కా రోజుల్లో గుర్రానికి దారి తెలుసు. బస్సు వచ్చాక బొగ్గు మహిమ కూడా కొంత తోడైంది. ఆ నడకకు దారి తప్పాలన్నా పొద్దు వాలుతుంది.

యుద్ధంలో విమానాలు నెత్తిమీదుగా పోతుంటే దామోదరం బస్సు ఆపి, దిగి, మసి ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకొని చూసేవాడు. ఎడ్లబండి అడ్డం రాని దారి! గుంతలు లేని దారి! దిగి తొయ్యండని ఎవరినీ బతిమాలక్కర్లేని దారి! చచ్చేలోగా ఒక్కసారైనా ఆ దారిలో బండి నడపాలని ఆయన ప్రాణం కొట్టుకుపోయేది.

యుద్ధం ముగిసింది. ఎక్కడ చూసినా కొత్త విమాన కంపెనీలు పుట్టాయి. పైలట్లు కావాలని పేపర్లలో ప్రకటనలు పడ్డాయి. మద్రాసులో విమానం నేర్పే స్కూలొకటి ఉందని తెలిసిన నాడే దామోదరం బస్సును బేరం పెట్టాడు. కొన్నది ఎవరనుకున్నారు? గురప్పగారే.

“ఏమప్పా దామోదరం, ఈ వయసులో నీకేం పిచ్చి పట్టినాది? కొత్త పని నేర్సుకునే వయసా ఇది?” అని నవ్వారు గురప్పగారు. ఎక్కడ కూర్చొని నవ్వారు? మద్యనిషేధ సంఘం కుర్చీలో!

ఇంట్లో భార్య భారతమ్మ బాధ వేరు.

“ఇమానమెక్కి స్వామి నెత్తిమీదినుంచి పోతావా? కండ్లు పోతాయి!”

“నెత్తిమీద యాడ పోతానే? కొండ సుట్టూ తిరుక్కోని పోతా. ప్రదక్షిణం గూడా అయితాది.”

“బస్సు అమ్మేస్తివి. రేపు ఇదీ రాకపోతే మన గతేంది?”

దామోదరం మూట సర్దుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మద్రాసు రైలెక్కాడు.

విమానం నేర్పే గురువు పేరు ఏకాంబరం. కంచి పక్క అబ్బాయి. యుద్ధంలో విమానం నడిపి వచ్చాడు. దామోదరానికి కూతురుంటే అల్లుడయ్యే వయసు. స్కూల్లో ఉన్నది చిన్న విమానం, పైన కప్పు లేదు. ముందు సీట్లో గురువు, వెనక సీట్లో శిష్యుడు, ఇద్దరి మధ్య మాటలు పోవడానికొక గొట్టం. స్టీరింగు బదులు ఇద్దరి మోకాళ్ల మధ్యా ఒక్కో కర్ర. ఆ కర్ర ఎటు వంచితే విమానం అటు వంగుతుంది.

మొదటి రోజు నేల వదిలి పైకి లేచినప్పుడు దామోదరం చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఎదురుగా ఏమీ లేదు. ఒక్క గుంత లేదు, ఒక్క బండి లేదు. ఇన్నేళ్లు నేలమీద ఎందుకు పాకానా అనిపించింది. సంతోషంతో ఏడ్చే శిష్యుణ్ణి ఏకాంబరం అంతకుముందు చూడలేదు. “భయమా అయ్యా?” అని గొట్టంలో అడిగాడు. “లేదు నాయనా, ఇంకా పైకి పోనీ” అన్నాడు దామోదరం.

చెప్పాను కదా, నడివయసే దీనికి సరైన వయసని! తిట్టినా నొచ్చుకోడు, ఆకలైనా గొణగడు, పాఠం చెబుతుంటే ఏ అమ్మాయి గురించీ ఆలోచించడు. చూస్తుండగానే దామోదరం విమానాన్ని పైకి లేపడం, కిందికి దించడం నేర్చుకున్నాడు. మిగిలింది దూర ప్రయాణం పరీక్ష ఒక్కటే. అది గట్టెక్కితే లైసెన్సుకు దారి పడ్డట్టే. ఆ రోజు నగరి వైపు వెళ్లి రమ్మన్నారు.

నగరి దాటారు. పొద్దుటి మంచు విడిపోయింది. ఎదురుగా, ఎన్నడూ చూడనంత నిండుగా, ఏడుకొండలు!

“గోవిందా!” అన్నాడు దామోదరం. కళ్లు మూసుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు. కొండ ముందు కాళ్లకు తోలు తగలకూడదని బూట్లు కూడా విప్పబోయాడు.

విమానానికి మన ఆచారం తెలియదు. ఎడమ రెక్క వాల్చి కిందికి జారింది. ముందు సీట్లో ఉన్న ఏకాంబరం తన కర్ర పట్టుకొని దాన్ని నిలబెట్టేసరికి చెరుకుతోటల్లో పనిచేస్తున్న వాళ్లు పరుగులు తీస్తూ కనబడ్డారు.

“అయ్యా! కర్ర ఎవరి చేతిలో ఉండాది?” అని గొట్టంలో అరిచాడు.

“స్వామి చేతిలో.”

“స్వామికి మా స్కూల్లో అడ్మిషన్ లేదయ్యా! మీకే ఉండాది!”

కిందికి దిగాక ఏకాంబరం కోప్పడలేదు. చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకుపోయి, “కొండను చూస్తూ కూడా కర్ర వదలని రోజు రండి. మళ్లీ పరీక్ష పెడతాను. అంతవరకు నేను మిమ్మల్ని ఎక్కించను” అన్నాడు.

పాఠకులారా, మన జిల్లా చరిత్రలో రెండు చేతులూ వదిలేసినందుకు ఒక మనిషిని పక్కన పెట్టడం ఇదే మొదటిసారి!

చిత్తూరికి తిరిగి వచ్చిన దామోదరం రాత్రంతా గోడకు ఆనుకొని కూర్చున్నాడు. తెల్లవారాక భారతమ్మ విషయమంతా వింది. తర్వాత స్వామి పటం ఎదురుగా పీట వేసింది. దామోదరాన్ని కూర్చోబెట్టి, మోకాళ్ల మధ్య రోకలి నిలబెట్టింది. తను తెడ్డు పట్టుకొని పక్కన నిలబడింది.

“గోవిందా!” అంది. దామోదరం చేతులు లేచాయి. తెడ్డు పడింది.

“మొక్కకపోతే పాపం గదే?” అన్నాడు వేళ్లు నిమురుకుంటూ.

“నువ్వు మనసులో మొక్కు. సేతులతో నీ బదులు నేను మొక్కుతా. పట్టుకో, రోకలి పట్టుకో!”

కొన్నాళ్లు ఆ ఇంటి ముందుగా పోయేవాళ్లకు గోవింద నామమూ, తెడ్డు దెబ్బా ఒకదాని వెంట ఒకటి వినబడ్డాయి. ఇద్దరికీ మతి చెడిందన్నారు. ఒకనాడు భారతమ్మ ఎంత గట్టిగా “గోవిందా!” అన్నా దామోదరం వేళ్లు రోకలిమీది నుంచి కదల్లేదు. కళ్లు పటం మీద ఉన్నాయి, చేతులు కర్ర మీద ఉన్నాయి. భారతమ్మ తెడ్డు పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది.

మళ్లీ పరీక్షకు వెళ్లేముందు స్వామికి చెప్పుకొని వద్దామని దామోదరం తిరుపతి బస్సెక్కాడు. తన పాత బస్సే. గురప్పగారు దానికి బొగ్గు తీసేయించి, తనకు మాత్రమే దొరికే దారిలో పెట్రోలు తెప్పించి పోయిస్తున్నారు. దామోదరం దగ్గర క్లీనరుగా పనిచేసిన కుప్పయ్యే ఇప్పుడు డ్రైవరు. ముందు సీట్లో సాక్షాత్తూ గురప్పగారే కూర్చున్నారు.

చంద్రగిరి మలుపు దాటాక ఒక కల్వర్టు ఉంది. మూడు వానాకాలాల కిందట కొట్టుకుపోయింది. రోడ్ల కమిటీ తరఫున గురప్పగారు అక్కడ శంకుస్థాపన రాయి వేశారు. రాయి చాలా బాగుంది. బస్సులు మాత్రం రోడ్డు దిగి, ఆ రాయిని చుట్టి పోవాలి. బొగ్గు రోజుల్లో మొక్కడం పూర్తయ్యాక కూడా కల్వర్టు ఇంకా దూరంగానే ఉండేది. పెట్రోలు బస్సు అలా ఆగుతుందా?

మలుపు తిరిగింది. కొండ కనబడింది. “గోవిందా!” అంటూ చేతులన్నీ లేచాయి. గురప్పగారివి లేచాయి, కుప్పయ్యవి లేచాయి. దామోదరం చేతులు మాత్రం ముందు సీటు కమ్మీని పట్టుకొని ఉన్నాయి. కొండకు మనసులో దండం పెట్టి ఆయన రోడ్డు చూశాడు.

“కుప్పయ్యా! సేతులు! సేతులు!” అని అరిచాడు.

తన భక్తి చాలలేదనుకొని కుప్పయ్య చేతులు ఇంకా పైకెత్తాడు. బస్సు శంకుస్థాపన రాయిని గుద్దుకొని కల్వర్టు గుంతలో ఒరిగింది. ప్రాణాలు పోలేదు గాని చాలామందికి దెబ్బలు తగిలాయి. మల్లెపూలమ్మే సుబ్బులమ్మకు కుడిచెయ్యి విరిగింది. పూలబుట్టను పట్టుకొని ఉండవలసిన చెయ్యి అది.

విచారణ సంఘం కూర్చుంది. అధ్యక్షులు ఎవరు? మీకు చెప్పాలా? రోడ్డు గురించి, బస్సు గురించి, పెట్రోలు గురించి గురప్పగారి కంటే ఎక్కువ తెలిసిన వారెవరున్నారు?

దామోదరం సాక్ష్యం చెప్పాడు. కల్వర్టు పోయి ఉండడం, డ్రైవరు చేతులు స్టీరింగు మీద లేకపోవడం తాను చూశానన్నాడు.

“మేమంతా కండ్లు మూసుకోని ఉంటిమే. నీకు మాత్రం ఎట్ల కనబడినాది?” అన్నారు గురప్పగారు.

“నేను కండ్లు తెరుసుకోనే ఉండానన్నా.”

“ఊఁ. మరి నీ సేతులు యాడుండాయి?”

“కమ్మీ పట్టుకోని ఉండాయి.”

గురప్పగారు సభ్యుల వైపు చూశారు. సభ్యులు తల పంకించారు. ఇంకేం కావాలి? బస్సులో ఒకడు కొండకు మొక్కలేదు. ఆ సంగతి వాడే ఒప్పుకున్నాడు. ప్రమాదానికి కారణం తేలిపోయింది!

పరీక్షకు ముందు ఊరి పెద్దమనిషి ఇచ్చిన మంచి నడవడిక సర్టిఫికెట్టు తెమ్మని విమానం స్కూలువాళ్లు అడిగారు. దైవభక్తి లేనివాడికి తాను ఎలా సంతకం పెట్టేదన్నారు గురప్పగారు. ఆయన పెట్టనిదానిమీద సంతకం పెట్టే ధైర్యం మిగతా పెద్దమనుషులకు లేకపోయింది. కర్ర వదిలినప్పుడు దామోదరానికి ఇంకొక అవకాశం ఉండింది. వదలకుండా ఉండడం నేర్చుకున్నాక అదీ పోయింది. మనిషికి ఇంతకంటే అన్యాయం ఏం జరగాలి?

కాని నిరుత్సాహపడకండి! నడివయసులో విమానరంగంలోకి దిగడం సాధ్యమేనని మన జిల్లాలో రుజువైంది. తిరుపతికి విమానాల మైదానం తెప్పించడానికి ఒక కమిటీ వేశారు. గురప్పగారు దానికి అధ్యక్షులయ్యారు. ఒక్క పాఠం చదవలేదు, నేల విడిచి ఒక్క అడుగు పైకి లేవలేదు. కమిటీ ఆఫీసులో పెద్ద ఎలక్ట్రిక్ ఫ్యాను కూడా బిగించారు.

దెబ్బ తిన్నాక కుప్పయ్య బస్సు ముట్టనన్నాడు. వేరే డ్రైవరు దొరక్క గురప్పగారు దామోదరాన్నే జీతానికి పిలిచారు. తన బస్సుకే తాను జీతగాడై దామోదరం మళ్లీ ఎక్కాడు. మలుపు దగ్గర జనం కోప్పడుతున్నారు.

“మొక్కవేమప్పా? మళ్లా ముంచుతావా మమ్మల్ని?”

“మీరు మొక్కండప్పా. నేను పట్టుకోనుండాను.”

ఆయన వెనక సీట్లో, చెయ్యి కట్టుతో, సుబ్బులమ్మ కూర్చుంటుంది. కొండ కనబడగానే ఆమె మాత్రం ఎడమచేత్తో పూలబుట్టను పట్టుకుంటుంది.

మొన్న ఆ కల్వర్టు బాగు చేయించమని అర్జీ రాయించుకొని దామోదరం గురప్పగారి దగ్గరికి వెళ్లాడు. గురప్పగారు లేచి నిలబడి, చిరునవ్వుతో రెండు చేతులూ జోడించారు. “అంతా ఆ ఏడుకొండలవాడే సూసుకుంటాడు” అన్నారు. చేతులు రెండూ జోడించి ఉన్నాయి. ఇక అర్జీ ఎవరు పట్టుకోవాలి? దామోదరం దాన్ని బల్లమీద పెట్టాడు. ఫ్యాను గాలికి అది లేచింది, గురప్పగారి తలమీదుగా పోయింది, కిటికీ దాటి బయటికి వెళ్లింది.

కమిటీ ఏర్పడ్డాక మన జిల్లా నుంచి ఎగిరింది ఇప్పటికి అదొక్కటే. దామోదరం కనుచూపు మేర దాన్ని చూస్తూ నిలబడ్డాడు. విమానం నేర్చుకున్నవాడు కనక ఆయనకు తెలుసు.

“ఎగరడానికేమి, బాగనే ఎగిరింది. నడిపేవాడే లేడు” అన్నాడు.